ఎర్ర తీగే ముందు పోతుంది

టేపు విప్పగానే వేళ్ళకి నల్లటి జిగురు అంటుకుంది. ఎండకి కరిగి, రాత్రికి గట్టిపడి, మళ్ళీ కరిగిన జిగురు అది. కిరోసిన్ పెట్టి రుద్దితే గానీ వదలదు. దాని కింద రెండు జాయింట్లు పక్కపక్కనే ఉన్నాయి. నల్ల వైరు రాగి ఇంకా మెరుస్తోంది. ఎర్ర వైరు దగ్గర మాత్రం రాగి అన్నదే లేదు, పచ్చటి పొడి ఉంది. గోటితో తాకితే పొడి రాలిపోయి, వెంట్రుకల్లాంటి పోగులు రెండో మూడో మిగిలాయి.

"నిన్నటిదాకా బాగానే ఉందిగా అన్నా!" అన్నాడు తెచ్చినతను. లంకాసాగర్‌లో వలలు వేసే మనిషి. ఫిష్ ఫైండర్ కాలిపోయిందనుకున్నాడు. పాతది నేనేమైనా ఎంతోకొంతకి తీసుకుంటానేమో అడిగి, కొత్తది కొనే ఆలోచనలో ఉన్నాడు. జానెడు వైరు కోసి పారేసి, కొత్త ముక్క వేసి, బల్ల మీదున్న బ్యాటరీకి కలిపాను. తెర వెలిగింది.

మాది కల్లూరులో ఆటో ఎలక్ట్రికల్ షాపు. ట్రాక్టర్లు, ఆటోలు, బైకులు, మందు కొట్టే బ్యాటరీ పంపులు, ఇవే మాకు కూడు పెట్టేవి. చేపల యంత్రాలు రావడం ఈ మధ్యనే మొదలైంది. వచ్చినవాటిలో యంత్రం నిజంగా చెడిపోయినవి బహు తక్కువ. చెడేది వైరు, జాయింటు, ప్లగ్గు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. యంత్రం కొనుక్కున్న మత్స్యకారులకి ఎంత పనికొస్తుందో, మా లైనులో కొత్తగా చెయ్యి తిరుగుతున్న కుర్రాళ్ళకీ అంతే పనికొస్తుంది.

మా చుట్టుపక్కల నీళ్ళకు కొదవ లేదు. సాగర్ ఎడమ కాలువ, పెద్దవాళ్ళు లాల్ బహదూర్ కాలువ అంటారు, ఈ ప్రాంతాన్నంతా తడుపుతుంది. పెనుబల్లి మండలం అడవిమల్లేల దగ్గర కట్టలేరు మీద లంకాసాగర్ ఉంది. ఇటు వైరా రిజర్వాయరు, ఖమ్మం దాటి కూసుమంచి వైపు పోతే పాలేరు. పాల్వంచ పక్కన కిన్నెరసాని ఉంది గానీ అది అభయారణ్యం, మొసళ్ళున్న నీళ్ళు, మన సొంత పడవ దించే చోటు కాదు. మిగతాచోట్లయినా సంఘాన్నో, మత్స్యశాఖనో అడక్కుండా దిగకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఈ నీళ్ళలో తిరిగేవి థర్మాకోల్ తెప్పలు, పుట్టీలు, నాటు పడవలు, కొన్ని ఫైబర్ పడవలు. కయాక్ అంటే ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో నడిపే సన్నటి ప్లాస్టిక్ పడవ. అమెరికాలో ఉండే మనవాళ్ళు కొందరు సెలవురోజున దాన్ని కారు మీద కట్టుకుని చేపల వేటకి పోతుంటారు, ఫిష్ ఫైండర్ బిగించుకోవడం అక్కడ మామూలే. మన దగ్గర కయాకులు ఒకటీ అరా కనిపిస్తాయి. కయాకైనా తెప్పైనా వైరు విషయంలో పెద్ద తేడా లేదు. రెండింట్లోనూ మనిషి నీటి మట్టానికి జానెడు ఎత్తున కూర్చుంటాడు, వైరూ అక్కడే ఉంటుంది. పెద్ద మరపడవలో అయితే క్యాబిన్ ఉంటుంది, వైరు పైన పొడిగా పోతుంది. చిన్న పడవకి ఆ అదృష్టం లేదు.

యంత్రం సంగతి రెండు మాటల్లో చెబుతాను. నీటి కింద ఉండే ట్రాన్స్‌డ్యూసర్ శబ్దాన్ని కిందికి కొడుతుంది. మన చెవికి వినపడని శబ్దం, ఎక్కువ యంత్రాల్లో 200 కిలోహెర్ట్జ్. మంచినీళ్ళలో శబ్దం సెకనుకి దాదాపు 1,480 మీటర్లు పోతుంది. అడుగు 15 మీటర్ల లోతున ఉంటే పోయి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. ఆ వ్యవధిని కొలిచి లోతు చెబుతుంది. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది, శబ్దం దాని మీద బాగా కొట్టుకుని తిరిగొస్తుంది కాబట్టి తెర మీద గీత వంపుగా కనిపిస్తుంది. చేప కోసమే కొంటారు గానీ, నన్నడిగితే అసలు లాభం అడుగు తెలియడంలోనే ఉంది. మునిగిన మోడు ఎక్కడుందో ముందే తెలిస్తే వల చిరగదు. నాచులో దూరి కూర్చున్న కొరమేనును ఈ యంత్రం చూపిస్తుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి.

మా లైనువాళ్ళం కొంచెం గర్వపడాల్సిన సంగతి ఒకటుంది. 1948లో జపాన్‌లో మొదటిసారి పనికొచ్చే ఫిష్ ఫైండర్‌ను తయారుచేసి అమ్మింది ఫురునో అన్నదమ్ములు. నాగసాకి ప్రాంతంలో వేట పడవలకు కరెంటు పనులు చేసుకునేవాళ్ళే వాళ్ళు. అంటే ఇది పుట్టిందే మనలాంటి షాపులో.

ఇక ఆ పచ్చ పొడి దగ్గరికొద్దాం. ఇక్కడివాళ్ళు కిలుం పట్టిందంటారు. నీళ్ళు తగిలితే కిలుం పడుతుందని అందరికీ తెలుసు. రెండు వైర్లకూ ఒకే తడి తగిలినప్పుడు ఎర్రదే ఎందుకు పోయింది, నల్లది ఎందుకు మెరుస్తోంది? ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం పని తెలిసినట్టే.

వెండి పూత వేసేవాళ్ళ తొట్టి చూశారా? ప్లస్‌కి తగిలించిన లోహం నీళ్ళలోకి కరుగుతుంది, మైనస్‌కి తగిలించిన వస్తువు మీద పేరుకుంటుంది. టేపు కింద జరిగేదీ అదే. తడి చేరింది, ఆ తడిలో రెండు రాగి ముక్కలు పక్కపక్కన ఉన్నాయి, వాటి మధ్య 12 ఓల్టులున్నాయి. ప్లస్ వైపు రాగి కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. ఉత్తి తడికి నెలలు పట్టే నాశనాన్ని, కరెంటు ఉన్న తడి వారాల్లో చేసేస్తుంది.

ఇందులోంచి రెండు పనులు తేలతాయి. ఒకటి, ఎర్ర జాయింటూ నల్ల జాయింటూ పక్కపక్కన పడకూడదు. నాలుగు వేళ్ళ దూరం ఎడంగా రావాలి. ఒక వైరు పొట్టిగా, ఒకటి పొడుగ్గా కోస్తే సరిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా నేను విప్పిన జాయింట్లలో పదికి తొమ్మిది ఎదురెదురుగానే ఉంటాయి.

రెండోది ఇంకా ముఖ్యం. వేట అయ్యాక యంత్రం బటన్ నొక్కి ఆపేసి, అంతటితో అయిపోయిందనుకుంటారు. బటన్ ఆపేది తెరను. బ్యాటరీ నుంచి యంత్రం దాకా ఉన్న ఎర్ర వైరులో ఓల్టులు అలాగే ఉంటాయి. తెప్పను ఒడ్డున బోర్లించి ఇంటికెళ్ళినా, రాత్రంతా మంచు పడినా, ఆ వైరు తన్ను తాను తింటూనే ఉంటుంది. కాబట్టి ఒడ్డుకు రాగానే బ్యాటరీ దగ్గర ప్లగ్గు పీకెయ్యాలి. యంత్రం దగ్గర ప్లగ్గు పీకినా చాలదు. అప్పుడు ప్లగ్గు పిన్నుల మధ్యే 12 ఓల్టులు నిలబడి ఉంటాయి, ఆ పిన్నులకి తడి తగిలితే ఎర్ర పిన్ను కాస్తా పచ్చబడుతుంది. ముందు బ్యాటరీ వైపు, తర్వాత యంత్రం వైపు. కలిపేటప్పుడు దీనికి తలకిందులు.

అసలు జాయింటే లేకపోతే ఈ గొడవంతా ఉండదు. కంపెనీ ఇచ్చిన వైరు బ్యాటరీ దాకా అందితే కోయొద్దు, మిగిలింది చుట్టి కట్టండి. అందకపోతేనే జాయింటు. అదీ పడవలో ఎత్తైన చోట, పొడి పెట్టె లోపల పడాలి. పడవ అడుగున నీళ్ళు నిలిచే గుంటలో జాయింటు పెట్టి దాన్ని ఎంత చుట్టినా అది దండగ పనే.

జాయింటు ఎలా వెయ్యాలో విడమరిచి చెబుతాను. ఇంటి వైరింగులో వాడే ఒంటి తీగ పనికిరాదు, నాలుగు రోజులు అటూ ఇటూ ఊగితే పుటుక్కుమంటుంది. సన్న పోగులు చాలా ఉన్న మెత్తటి వైరు కావాలి. లావు అక్కర్లేదు. చిన్న ఫిష్ ఫైండర్ లాగే కరెంటు ఆంపియరు లోపే, 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు రెండు మీటర్ల దూరానికి ఎక్కువే. దొరికితే తగరం పూత ఉన్న రాగి తీసుకోండి. తెల్లగా వెండి రంగులో ఉంటుంది, కొంచెం ధర ఎక్కువ, కిలుం త్వరగా పట్టదు.

తోలు వలిచేటప్పుడు పోగులు తెగకూడదు. పళ్ళతో వలిచే అలవాటు మా షాపులో ఎంత తిట్టినా పోవడం లేదు. వలిచాక రాగి నల్లగా కనిపిస్తే ఇంకా వెనక్కి కోయాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. దీపం వత్తి నూనె పీల్చినట్టు, పోగుల వైరు తన తోలు లోపల నీళ్ళు పీలుస్తుంది. బయట తోలు కొత్తదానిలా నిగనిగలాడుతుంటుంది, లోపల జానెడు దూరం రాగి నల్లబడి ఉంటుంది. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి పోవాల్సిందే. నల్లబడ్డ రాగికి సోల్డరు సరిగ్గా అంటదు.

జాయింటుకి సోల్డరింగా, నొక్కే గొట్టమా అని అడుగుతారు. రెండూ సరైనవే, రెండింటినీ చెడగొట్టే దారులు వేరు. సోల్డరు చేస్తే సోల్డరు పాకినంత మేర వైరు పుల్లలా బిగుసుకుంటుంది. ఆ పుల్ల ఆగిపోయిన చోట మెత్తటి వైరు మొదలవుతుంది. పడవ ఊగినప్పుడల్లా వంగేది సరిగ్గా అక్కడే, తెగేదీ అక్కడే. కాబట్టి సోల్డరు జాయింటుకి రెండు వైపులా వైరును దేనికో ఒకదానికి కట్టి, కదలకుండా చెయ్యాలి. రేకులకి, రేడియేటర్లకి వాడే యాసిడ్ ఫ్లక్సు ముట్టుకోవద్దు, అది లోపలే ఉండి రాగిని తింటుంది. రోజిన్ ఉన్న సోల్డరు తీగ చాలు. గొట్టం పెట్టి నొక్కేటట్టయితే దానికి తగ్గ పనిముట్టుతో నొక్కాలి, కటింగ్ ప్లయరుతో కాదు. నొక్కాక గట్టిగా లాగి చూడాలి. ఊడితే మన బల్ల మీదే ఊడుతుంది, అదృష్టం.

పైన వేసేది లోపల జిగురు ఉన్న స్లీవు కావాలి. మామూలు స్లీవు వేడికి ముడుచుకుంటుంది గానీ నీళ్ళను ఆపదు. జిగురు రకం ముడుచుకుంటూ రెండు కొసల్లోంచి సన్నగా జిగురు కక్కుతుంది. కక్కిందంటే మూత పడినట్టు. ఒక్కో వైరుకీ విడిగా ఒక చిన్న స్లీవు, ఆ రెండిటి మీదా కలిపి ఒక పెద్దది. అగ్గిపుల్లతో కాలిస్తే నల్లబడి చిట్లుతుంది, హీట్ గన్ను లేకపోతే సోల్డరింగ్ ఐరన్‌ను పక్కగా తిప్పుతూ ఓపిగ్గా చెయ్యాలి. జాయింటు వెయ్యకముందే స్లీవు వైరులోకి ఎక్కించుకోవడం మర్చిపోకండి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను ఇప్పటికీ మర్చిపోతూనే ఉన్నాను.

నల్ల టేపు మీద నాకు కోపం లేదు. పడవ మీద దానికి పని లేదంతే. మేలో మా ఎండ 45 దాటుతుంది. ఆ వేడికి టేపు జిగురు జారిపోతుంది, అంచు లేస్తుంది, లేచిన అంచు కింద నీళ్ళు చేరి ఇక బయటికి రావు. విడిగా వదిలేసిన జాయింటు కనీసం ఎండకి ఆరుతుంది. టేపు చుట్టింది ఆరదు.

ఇంకో పొరపాటు సిలికాన్. అద్దాలకి, సింకులకి వేసే ట్యూబు తెచ్చి జాయింటు నిండా దట్టిస్తారు. మూత తీస్తే పుల్లగా వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది, అది రాగికి పడదు. వాసన రాని, న్యూట్రల్ అని రాసి ఉన్న రకమే వాడాలి. పైగా కయాకు చేసే పాలిథీన్ ప్లాస్టిక్‌కు ఏ సిలికానూ సరిగ్గా అతుక్కోదు, కొన్నాళ్ళకి తొక్కలా ఊడొస్తుంది. వైరు పడవ గోడలోంచి పోవాలంటే రబ్బరు వాషరున్న కేబుల్ గ్లాండ్ బిగించాలి. బోరు మోటారు స్టార్టరు డబ్బాలకి వేస్తామే, అదే. చిక్కేమిటంటే కంపెనీ ప్లగ్గు లావుగా ఉంటుంది, గ్లాండులోంచి దూరదు. దూరడం లేదని ప్లగ్గు కోసేస్తారు. కోయకుండా, పెద్ద బెజ్జం వేసి, రెండు చెక్కలుగా విడిపోయే గ్లాండు గానీ, రెండు భాగాల మూత గానీ వెయ్యాలి.

ముఖ్యంగా ట్రాన్స్‌డ్యూసర్ వైరును కోయడమంటే యంత్రాన్ని సగం చంపినట్టే. లోపల సన్న తీగల చుట్టూ అల్లిక తొడుగు ఉంటుంది, బయటి గందరగోళం లోపలికి రాకుండా కాచేది అదే. ఒకసారి కోసి అతికితే తొడుగు పూర్తిగా కలవదు, తెర నిండా చుక్కలు, గీతలు. వాటిని చూసి చేపలనుకుని వల దించినవాళ్ళూ ఉన్నారు. పొడుగెక్కువైతే చుట్టలా చుట్టి కట్టండి. దాన్ని బ్యాటరీ వైరుతోనూ, మోటారు ఉంటే మోటారు వైరుతోనూ కలిపి ఒకే కట్టగా కట్టొద్దు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ఎలక్ట్రిక్ మోటారు పెట్టుకున్నవాళ్ళు ఫిష్ ఫైండర్‌కి విడిగా చిన్న బ్యాటరీ పెట్టుకుంటే సగం గీతలు వాటంతటవే పోతాయి.

వైరు దారి విషయంలో మన ఇళ్ళే మనకి పాఠం. స్తంభం నుంచి సర్వీసు వైరు వచ్చి గోడ గొట్టంలోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిరుగుతుంది, గమనించే ఉంటారు. వైరు మీద జారిన వాన బొట్టు ఆ వంపు అడుగున రాలిపోతుంది, గొట్టంలోకి పోదు. పడవ మీద కూడా యంత్రంలోకి, పెట్టెలోకి వైరు దూరే ముందు అలాంటి వంపు ఉండాలి. తెడ్డు నుంచి కారే నీళ్ళన్నీ వైరు పట్టుకునే పాకుతాయి. వంపు లేకపోతే సూటిగా ప్లగ్గులోకే.

వంపు అన్నాను కదా అని కాళ్ళ దగ్గర వైరు చుట్టలు వదులుగా వదలొద్దు. కయాకు బోల్తా పడితే కాలు వాటిలో చిక్కుకుంటుంది. ప్రతి బెత్తెడుకీ ఒక క్లిప్పో జిప్ టైయో వేసి పడవ అంచుకి పట్టించండి. ప్లగ్గు మాత్రం గట్టిగా లాగితే ఊడొచ్చేటట్టుండాలి, దాన్ని తాడుతో బిగించి కట్టొద్దు. యంత్రం పోతే పోయింది, మనిషి బయటికి రావాలి. లైఫ్ జాకెట్ వేసుకున్నారనుకునే ఈ మాట చెబుతున్నాను.

ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ పెట్టాలనేది పడవను బట్టి ఉంటుంది. ప్లాస్టిక్ కయాకులో లోపలి వైపు అడుక్కి, గాలి బుడగ లేకుండా మెత్తటి సీలు ముద్దతో అతికిస్తే శబ్దం ప్లాస్టిక్ గుండా దిగిపోతుంది. వైరు నీళ్ళ మొహమే చూడదు. నాకు బాగా నచ్చే పద్ధతి ఇది. గట్టి ఫైబర్ అడుగైనా పనిచేస్తుంది. థర్మాకోల్‌కి ఇది చెల్లదు. థర్మాకోల్ అంటేనే గాలి బుడగల ముద్ద, శబ్దం అందులోనే ఇంకిపోతుంది. ఒకతను తెప్ప మధ్యలో గొయ్యి తవ్వి ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి, తెర మీద ఏమీ రావడం లేదని యంత్రాన్ని తిట్టుకుంటూ వచ్చాడు. తెప్పకైతే కర్రకో పీవీసీ గొట్టానికో కట్టి నీళ్ళలోకి దించడమే దారి. వైరు గొట్టం లోపలి నుంచి పోవాలి, బయట వేలాడితే వల తాడు దాన్ని కోసేస్తుంది.

ఫ్యూజు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చెప్పినా వినరు. బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపే ఉండాలి, యంత్రం దగ్గర కాదు. ఫ్యూజు కాపాడేది వైరును. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకి కాపలా లేనట్టే, కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిదైతే అంత మంచిది. ఎన్ని ఆంపియర్లో యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, చిన్నవాటికి చాలాసార్లు 3 ఉంటుంది. ఫ్యూజు ఎగిరిందని సిగరెట్ పెట్టె రేకు చుట్టినవాడి బ్యాటరీ పెట్టె కరిగిపోయి నా షాపుకొచ్చింది. నీళ్ళ మధ్య నిప్పు పుట్టదనుకోవద్దు.

బ్యాటరీగా మా వైపు ఎక్కువమంది వాడేది మిర్చికీ పత్తికీ మందు కొట్టే పంపులోది. 12 ఓల్టులది, తేలిగ్గా దొరుకుతుంది. వాడుకోండి. ముందు మీటరు పెట్టి ప్లస్ ఏదో, మైనస్ ఏదో చూసుకోండి, ఆ పంపుల్లో వైరు రంగులను నమ్మడానికి లేదు. మందు పంపు టెర్మినళ్ళ మీద పురుగుమందు మరకలుంటాయి, తుడిచి, వాజలీన్ పల్చగా రాయండి. సీసం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. ఇంటికొచ్చాక అరగంట ఆగి కొలిస్తే 12.2 చూపించిందంటే సగం అయిపోయినట్టు, అదే రోజు చార్జింగ్ పెట్టాలి. లిథియం రకం సగం బరువుండదు, చిన్న పడవకి సుఖం. కానీ దానికి దాని చార్జరే వాడాలి. ఎండలో మూసిన పెట్టెలో ఉడికించకూడదు. నీళ్ళలో మునిగిన లిథియం బ్యాటరీని ఆరబెట్టి వాడుకుందామనే ఆశ వదులుకోండి.

పొడి పెట్టె మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. గట్టిగా మూసిన టిఫిన్ డబ్బాలో వేడి అన్నం పెడితే మూత లోపల నీటి బొట్లు పడతాయి కదా? బ్యాటరీ పెట్టె కూడా అంతే. పొద్దున చెమ్మగాలితో మూస్తారు, మధ్యాహ్నం లోపల కాగుతుంది, నీళ్ళ పక్కన పెడితే గోడలు చల్లబడి చెమ్మంతా వాటి మీద దిగుతుంది. ఒక్క చుక్క నీళ్ళు బయట్నుంచి రాకపోయినా లోపల తడి. మందుల సీసాల్లోనూ చెప్పుల డబ్బాల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి లోపల వెయ్యండి, ఇంటికి రాగానే మూత తెరిచి పెట్టండి. యంత్రం మీద ఐపీఎక్స్7 అని రాసి ఉంటుంది. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా తట్టుకుంటుందని దాని అర్థం. ఆ మాట ఇచ్చింది యంత్రానికి, మనం వేసిన జాయింటుకి కాదు.

ప్లగ్గు పిన్నులకి ఎలక్ట్రికల్ సిలికాన్ గ్రీజు గోరంత రాస్తే తడి దగ్గరికి రాదు. బేరింగులకి పెట్టే పచ్చ గ్రీజు వద్దు. కిలుం పట్టిన పిన్నులను సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో దొరికే ఐపీఏ ద్రవంతో, పాత పళ్ళ బ్రష్షుతో తోముకోవచ్చు. గరుకు కాగితంతో గీకితే పూత పోయి ఇంకా త్వరగా కిలుం పడుతుంది.

సముద్రం మీద పోయేవాళ్ళకి ఇవన్నీ రెండింతలు. ఉప్పునీరు కరెంటును మంచినీళ్ళకన్నా ఎన్నో రెట్లు బాగా మోస్తుంది, టేపు జాయింటు అక్కడ వారం నిలవడమే గొప్ప. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. విశాఖ, కాకినాడ వైపు పడవలకి రంగులు, మరమ్మతులు అప్పుడే జరుగుతాయి, వైరింగు చూసుకోవడానికీ అదే అదను. ఈ పని పద్ధతిగా నేర్చుకుందామనుకునే కుర్రాళ్ళకి కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక శిక్షణ సంస్థ ఉంది, విశాఖలో కేంద్ర సంస్థ సిఫ్‌నెట్ వాళ్ళ శాఖ ఉంది. మన చెరువుల మీద అలాంటి ఖాళీ కాలం కోసం ఎదురుచూడక్కర్లేదు, నెలకో ఆదివారం చాలు.

మా లైనులో కొత్తగా వచ్చినవాళ్ళకి ఇప్పుడొక మాట. వైరులో లోపం వెతికేటప్పుడు మల్టీమీటరు మిమ్మల్ని మోసం చేస్తుంది. యంత్రం తీసేసి ప్లగ్గు దగ్గర కొలిస్తే నిండా 12.6 చూపిస్తుంది. వైరు బాగానే ఉంది, యంత్రమే పోయిందని చెప్పేస్తారు. రెండు పోగులు మిగిలిన వైరు కూడా మీటరుకి 12.6 చూపిస్తుంది, మీటరు తాగే కరెంటు దాదాపు సున్నా కాబట్టి. భారం పెట్టి కొలవాలి. బండి పార్కింగ్ లైటు బల్బు, 12 ఓల్టులు 5 వాట్లది, దానికి రెండు వైర్లు వేసి పెట్టుకోండి. అది లాగే కరెంటు చిన్న ఫిష్ ఫైండర్‌కి ఇంచుమించు సమానం. బల్బు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర 12.5, ప్లగ్గు దగ్గర 12.4 ఉంటే వైరు మంచిదే. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి ప్లగ్గు దగ్గర 9కో 10కో పడిపోయిందంటే మధ్యలో జాయింటు పోయినట్టే. అప్పుడు బల్బును చూస్తూ వైరు పొడుగునా వేళ్ళతో వంచుకుంటూ రండి, అది మిణుకుమన్న చోట కోయండి.

పదిహేను రూపాయల బల్బుతో తేలే పనికి వేల రూపాయల యంత్రం కొనిపించొద్దు. కొందరు కొనిపిస్తారు, కమీషన్ వస్తుంది. నీళ్ళకి తగిలే చోట వేసిన జాయింటుకి గ్యారంటీ ఇవ్వొద్దు, ఆ మాట ముందే చెప్పండి. అక్కడ వద్దు, పైకి జరుపుకుందామని ఒప్పించండి. ఇంకొకటి. పడవ మీదికి ఇన్వర్టరు బిగించమని ఎవరైనా వస్తే, ఎందుకని అడక్కుండానే పంపించెయ్యండి. 12 ఓల్టులు మనిషిని ఏమీ చెయ్యవు. తడి ఒంటితో, నీళ్ళ మధ్య, 230 ఓల్టులు చంపుతాయి. కరెంటుతో చేపలు పడదామని పోయి కుంటల్లో, వాగుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ పనికి వైరు ముక్క కూడా మన చేత్తో ఇవ్వకూడదు.

ఇంతా చేసి ఇంటికి తెచ్చాక ఎలుకలు కొరుకుతాయి, అది వేరే కథ. ధాన్యం బస్తాల గదిలో యంత్రం పెడితే వారానికి వైరు తోలు ఉండదు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గోడ మేకుకి వేలాడదియ్యండి.

లంకాసాగర్ అతనికి ఆ రోజు ఇవన్నీ చెప్పలేదు. అంత వినే తీరిక అతనికీ లేదు. ఎర్ర, నల్ల జాయింట్లు నాలుగు వేళ్ళ ఎడంగా వేసి, జిగురు స్లీవులు ఎక్కించి, బ్యాటరీ దగ్గర ప్లగ్గు పీకడం మాత్రం రెండుసార్లు అతని చేతనే చేయించాను. డబ్బులిచ్చి, సంచి భుజాన వేసుకుని గడప దాకా పోయి వెనక్కొచ్చాడు.

"అన్నా, ఇది కూడా ఒకసారి చూస్తావా? రాత్రిళ్ళు ఆరిపోతా ఉంది" అని తలకి కట్టుకునే లైటు తీసి బల్ల మీద పెట్టాడు. బ్యాటరీ దగ్గర దాని వైరుకీ నల్ల టేపే చుట్టి ఉంది.